అక్క పెట్టిన పాస్‌వర్డు

నాకు అన్నింటికంటే ఎక్కువ భయం ఒకటుంది. అడిగీ అడిగీ ఒకరోజు మా ప్రసన్నక్కకు విసుగు పుట్టి, ఇంక నన్నేమీ అడగొద్దు షాలినీ అంటుందేమోనని. బిడ్డకు ఒళ్లు వెచ్చబడినా, ఫోనులో బొమ్మ ఆగిపోయినా, కూరలో ఉప్పెక్కువైనా నేను అడిగేది ఆమెనే. ఆ రోజు కూడా నంద్యాలలో మా ఇంట్లో, అక్క ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ ముందర, రెండేళ్ల కొడుకు యెషయాను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఆళ్లగడ్డకు ఫోను చేశాను.

"నేనేమీ నొక్కలేదక్కా. నిజంగా నొక్కలా."

"నొక్కకపోతే అది పాస్‌వర్డు ఎందుకు అడుగుతాది మే? దానికేం పనిలేదా?"

"నిన్నదాకా అడగలా. మూత ఎత్తితే తెరుచుకుంటాండె. పొద్దన్న వీడు చార్జింగు వైరు పెరికేసినాడు, నేను చూసుకోలా. బ్యాటరీ అయిపోయి మొత్తం ఆరిపోయింది. మల్ల ఏస్తే నీ పేరు చూపిచ్చి, కింద ఒక గడి పెట్టుకొని కూర్చోనుంది."

"వాడు పెరికినాడా, నువ్వు కాలు తగిలిచ్చి వాని మీద చెప్తాండావా?"

"వాడే. నోరొస్తే వాడే ఒప్పుకుంటాడు."

"నోరుండేటోళ్లు ఒప్పుకుంటాండారు గదా, వాడూ ఒప్పుకుంటాడు."

"నువ్వు ఇచ్చేటప్పుడు ఏమంటివి? పాస్‌వర్డు తీసేసినా, నీకు తలనొప్పి లేకుండా ఇస్తాండా అంటివి."

"తీసేసినా అనుకుంటి."

"అనుకుంటివా. అక్కా, నువ్వు బళ్లో కంప్యూటరు టీచరువి."

"టీచర్లు మర్చిపోరా? మీ లెక్కల సారు తొమ్మిదో తరగతి అంతా నిన్ను సుజాతా అని పిలిచె."

"అందుకే నేను సదువు మానేసింది."

"పెండ్లి చేస్తే మానేస్తివి. ఆ సారు మీద ఎందుకు ఏస్తావు, పాపం."

"సరే, అదంతా ఎందుకు. చెప్పు, ఏంది పాస్‌వర్డు?"

"గుర్తులేదు."

"గుర్తులేదా, చెప్పవా?"

"గుర్తులేదంటే గుర్తులేదు షాలినీ. ఎప్పుడో పెట్టింది."

"ఎప్పుడో యాడ. మొన్న క్రిస్మస్‌కు సంజామల్లో, అమ్మోళ్లింట్లో, నా పక్కన కూర్చోనే మార్చుకుంటివి. నేను తొంగి చూస్తే టక్కున మూతేస్తివి."

"నువ్వు కుండలో గూడా తొంగి చూస్తావు. అది అలవాటు నీకు."

"ఏందక్కా, గొంతు అట్లుంది?"

"జలుబు."

"మిరియాలు ఏసుకొని కషాయం తాగు. ఇప్పుడు నేనేం చేయాల చెప్పు. సాయంత్రానికి కమలాక్షమ్మకు పత్రిక పంపాల."

"ఏ కమలాక్షమ్మ?"

"అదే, పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు ఏసే అంగడామె. చెప్తి గదా నీకు. పోయి అడిగితే ఆయమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి, ఏం సదివినావు అనింది. నేను తొమ్మిదో తరగతి అనకుండా, తెలుగు తప్పుల్లేకుండా రాస్తానమ్మా అంటి."

"తెలివైందానివే."

"అట్లయితే ఒక పత్రిక కొట్టి చూపిచ్చు, బాగుంటే ఇంట్లో కూర్చోనే పనిస్తా, బిడ్డ తల్లివి అంగడి దాకా రాబల్లేదు అనింది. లేకుంటే డిగ్రీ పిల్లోళ్లు శానామంది కాసుకోనుండారంట. తెలుగు అక్షరాలు గూడా ఆయమ్మే దీంట్లో ఎక్కిచ్చి ఇచ్చె."

"కొట్టినావా మరి?"

"కొట్టినా. అంతా అయిపోయింది. పెండ్లి మహానందిలో. పిల్లోడు కిరణ్, వాని పేరు చిటికెలో అయిపోయింది. పిల్ల పేరు జాహ్నవి. హకు నవత్తు కింద ఏలాడదీసేకి నా పానం పోయిందక్కా. ఒకసారి జాన్హవి అని వస్తాది, ఒకసారి జాహనవి అని వస్తాది. వాళ్ల నాయన ఆ పిల్లకు రంగమ్మ అని పెట్టింటే నేను బేగా ముగిచ్చేదాన్ని."

"వాళ్లకేం తెలుసు, నువ్వు కొడతావని."

"నవ్వుతాండావా? ఇప్పుడది లోపలుంది, నేను బయటుండా."

"ఒక పని చెయ్. రిపేరంగడికి తీస్కపో. అంతా తుడిచేసి కొత్తదాని మాదిరి చేసిస్తాడు."

"తుడిస్తే నా పత్రిక?"

"పోతాది."

"ఆయమ్మ ఎక్కిచ్చిన అక్షరాలు?"

"అవీ పోతాయి."

"అట్లయితే నేనూ పోతా."

"యాడికి?"

"నీ తావకే. వీన్ని చంకనేసుకొని బస్సెక్కి ఆళ్లగడ్డకొచ్చి నీ ఇంట్లో కూర్చుంటా. అప్పుడెట్ల గుర్తురాదో చూస్తా."

"వద్దు."

"ఏంది, వద్దంటాండావు?"

"ఈ వారం వద్దు లే. ఇంట్లో... సున్నమేపిచ్చాలనుకుంటాండా."

"మొన్న ఉగాదికి ఏపిచ్చినావు గదా."

"రాలిపోయింది. నువ్వు కంప్యూటరు సంగతి చూడు మే. నీకు బిడ్డను పెట్టుకొని ప్రయాణాలెందుకు."

"సరే, నువ్వు చెప్పకుంటే నేనే కనుక్కుంటా. ఎక్కువసార్లు తప్పు కొడితే ఇది పేలిపోతాదా?"

"పేలదు. కాసేపు అలిగి కూర్చుంటాది, మీ ఆయన మాదిరి."

"అజయ్ అలగడు. గోడ పక్కకు తిరిగి పండుకుంటాడు."

"దాన్నే అలగడం అంటారు."

"ఉండు, కొడతాండా. ఆర్, యు, బి, ఇ, ఎన్. రూబెన్."

"మీ బావ పేరా?"

"ఏం, మొగుని పేరు పెట్టుకోకూడదా? ...తప్పంట."

"ఆయప్ప పేరు పెట్టింటే అది తెరుచుకునేది గాదు. లేసి ఆయప్ప మాదిరి జూపాడు బంగ్లా ఊరికి పోయేది."

"బావ ఇంకా రాలేదా ఆడినుంచి?"

"కోత మిషన్ పనంట. వస్తాడు."

"ఈస్టరుకు ముందర పోయినాడు గదా. ఫోనన్నా చేస్తాడా?"

"నీ గడి సంగతి చూడవే తల్లీ, నా మొగుని సంగతి నీకెందుకు."

"ఒరేయ్ యెషయా, ఆ వైరు నోట్లో పెట్టుకోవద్దు. అక్కా, వైరు నాకితే ఏమన్నా అయితాదా?"

"ప్లగ్గులో ఉందా?"

"లేదు."

"ఏం కాదు. కడిగి పండుకోబెట్టు. నిద్రొచ్చి నాకుతాండాడు వాడు."

"నీకెట్ల తెలుసు? ...అవును, కండ్లు నలుపుకుంటాండాడు. ఉండు, భుజానేసుకుంటా. అక్కా, గడి కింద ఏందో కొత్తగా వచ్చింది."

"ఏం రాలేదు."

"నీకు ఆడ కనపడతాదా? ఇంగ్లీషులో ఉంది. ఇందాక లేదు, తప్పు కొట్టినాక వచ్చింది."

"చదవొద్దు. కంపెనీ వాడు ఏదో రాసింటాడు."

"కంపెనీ వాడు తెలుగులో రాస్తాడా? అక్షరాలే ఇంగ్లీషు, మాట తెలుగుది. ఉండు, కూడబలుక్కుంటా. ఇ, వి, యు, ఆర్, యు. ఎవురు. ఎవురూ. ఏ, డి, ఏ, జి... అడగ. అడగని. ఎవురూ అడగని మాట. అక్కా, లైన్లో ఉండావా?"

"ఉండా."

"ఇది నువ్వు రాసుకున్నదే. మర్చిపోతే గుర్తుకు రావాలని ఒక ముక్క రాసుకుంటారు, దాన్ని హింటు అంటారని నువ్వే నాకు చెప్పింటివి."

"ఏదో ఊరికే కొట్టింటా. ఏదో ఒకటి రాయకుంటే ఒప్పుకోదు అది."

"ఊరికే కొట్టింటే ఊరికే అని ఉండేది. ఇది బాగుందక్కా, పొడుపు కథ మాదిరుంది. ఎవురూ అడగని మాట. ఎవుర్ని, నిన్నా?"

"నన్నే అనుకో."

"నిన్ను అడగని మాట ఏముంది? లోకంలో ఉండే మాటలన్నీ నిన్నే అడుగుతారు."

"అది మాత్రం నిజం."

"అమ్మ పొద్దన్నే ఫోను చేసి ఏమంటాది?"

"ఓబులమ్మ గారా? గ్యాసు బుక్కు చేస్తివా అంటాది. పోయిన వారమే గదమ్మా వచ్చింది అంటే, అయినా చేసిపెట్టు అంటాది."

"నాయన?"

"టీవీలో ప్రార్థనల చానెలు యాడికి పోయింది ప్రసన్నా అంటాడు. నేనేదో కొంగున ముడేసుకున్నట్ల."

"బళ్లో?"

"ప్రిన్సిపాలు ప్రింటరు ఎందుకు పనిచేయలేదు అంటాడు. కరెంటు ఏసుకోండి సార్ అంటా."

"మీ అత్త?"

"మా అత్త అడిగేది ఒకటే."

"ఏంది?"

"నీకు తెలీదా."

"...విశేషమా అనా?"

"ఆ మాట అడగనోళ్లు ఆళ్లగడ్డలో ఎవురూ లేరు. పాలోడు గూడా అడుగుతాడు."

"వానికెందుకు?"

"ఇంకో పాకెట్టు ఎక్కువ తీసుకుంటానేమోనని వాని ఆశ."

"అట్లయితే నాకు తెలిసిపోయింది. కొడతాండా. పాట పాడతావా."

"ఏంది?"

"నిన్ను ఎవురూ అడగని మాట అదే. ఈస్టరుకు నువ్వు మైకు పట్టుకుంటే, రెండో చరణం రాకముందే పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేసె."

"నీ నోట్లో మన్ను పడ. మైకు బాగలేదు ఆ పొద్దు."

"మైకు బాగుంది గాబట్టే ఆయప్ప బేగా మొదలుపెట్టింది."

"అబ్బా, నవ్విచ్చొద్దు మే. నవ్వితే కడుపు పట్టుకుంటాంది."

"కడుపెందుకు పట్టుకుంటాంది?"

"దగ్గీ దగ్గీ. జలుబంటి గదా."

"...పాట పాడతావా గూడా తప్పంట. సాయం చేయాల్నా అని కొడతా. అది గూడా నిన్ను ఎవురూ అడగరు. ...తప్పంట. సినిమాకు పోదామా. ...అదీ తప్పే. అక్కా, ఇది అలుగుతాదేమో, నాకు భయమైతాంది. ఒకటే ఒక అక్షరం చెప్పు."

"నాకు గుర్తులేదని చెప్తి గదా."

"గుర్తులేనోళ్లు ఆలోచిస్తారు. నువ్వు ఒక్కసారన్నా ఆలోచించలా. ఉండు, అవునా, ఇందాకటి నుంచి అడుగుదామనుకుంటాండా, ఈరోజు బడి లేదా నీకు? ఇంతసేపు మాట్లాడతాండావు."

"ఉంది. పోలా."

"జలుబుకా?"

"ఊ."

"జ్వరమొస్తే గూడా మాత్రేసుకొని పోయేదానివి."

"షాలినీ, ఇంక ఇడిసిపెట్టు. రిపేరంగడికి తీస్కపో. కమలాక్షమ్మకు నేను ఫోను చేసి మాట్లాడతా, ఇంకో రెండు దినాలు ఆగమంటా. నేను కాసేపు పండుకోవాల."

"ఇదో, ఇదే. ఇప్పుడు గూడా నువ్వే మాట్లాడతానంటాండావు. ఒక్క మాట చెప్పి పండుకో. నేను నీకు రోజూ ఫోను చేస్తాగదా. ఎత్తంగానే నువ్వు ఏమంటావు?"

"ఏమంటా. బాగుండావా షాలినీ, బిడ్డ బాగుండాడా, అజయ్ బాగుండాడా అంటా."

"అప్పుడు నేనేమంటా?"

"ఏందే ఇది, కోర్టా?"

"చెప్పు. ఈరోజు ఏమంటి?"

"కంప్యూటరు నన్ను లోపలికి రానిస్తాలేదు అంటివి."

"నిన్న?"

"వీడు పచ్చగా దొడ్డికి పోయినాడు, ఆస్పత్రికి తీస్కపోవాల్నా అంటివి."

"మొన్న?"

"ఇడ్లీ పిండి పులిసిపోయింది, పారబోయాల్నా అంటివి. అట్లు పోసుకోమంటి."

"ఉండక్కా. ఒకటి కొడతాండా."

"ఏంది?"

"బాగున్నావా. బి, ఏ, జి, యు, ఎన్, ఎన్, ఏ, వి, ఏ. ...తప్పంట."

"తప్పంట గదా. ఇడిసిపెట్టు ఇంక."

"ఇందాకటి నుంచి తప్పయినప్పుడల్లా నవ్వినావు. ఇప్పుడు నవ్వలా."

"నవ్వితే కడుపు పట్టుకుంటాదంటి గదా."

"అక్కా, నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు ఒకసారి ఫోను చేసి ఏడిస్తివి, గుర్తుందా? గుంటూరు పిల్లోళ్లు నీ మాటకు నవ్వినారని. బాగుండావా అంటే, అదేం తెలుగు, బాగున్నావా అనాల అన్నారని."

"అది ఎప్పటి మాట."

"అప్పటి నుంచి నువ్వు బళ్లో ఉన్నావా, తిన్నావా అంటావు, టీవీలో మాదిరి. బళ్లో ఉండేటోళ్లు గూడా నిన్ను అట్లనే అడుగుతారు, బాగున్నావా ప్రసన్నా అని. రోజూ అడుగుతారు. అది ఎవురూ అడగని మాట ఎట్లయితాది?"

"షాలినీ."

"ఉండావా అనేది మన ఇంట్లోనే. అమ్మ, నాయన, బావ, నేను. వాడు నిద్రపోయినాడు, ఉండు, ఒంటి చేత్తో కొడతాండా. బి, ఏ, జి, యు, ఎన్, డి, ఏ, వి, ఏ. అక్కా."

"ఊ."

"తెరుచుకునింది."

"మంచిది. పత్రిక పంపు పో. జాహ్నవి పేరు ఒకసారి చూసుకొని పంపు."

"అక్కా, బాగుండావా?"

"కంప్యూటరు తెరుచుకునింది గదా షాలినీ. ఇంకా ఎందుకా మాట?"

"దాన్ని గాదు. నిన్ను అడుగుతాండా. చెప్పక్కా."

"బిడ్డ ఏడుస్తాండాడు, చూసుకో పో."

"వాడు నిద్రపోతాండాడక్కా. ఈడ ఎవురూ ఏడుస్తాలేరు."

అక్క ఫోను పెట్టేసింది. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఆళ్లగడ్డలో అక్క ఇంటికి ఎదురుగా కిరాణం అంగడి పెట్టుకున్న వెంకటమ్మ నంబరు నా దగ్గరుంది. ఆమెకు చేశాను.

"వెంకటమ్మత్తా, నేను షాలినీని. ప్రసన్నక్క చెల్లెల్ని."

"నంద్యాల షాలినీనా? ఏమ్మా, మీ అక్క ఫోను పనిచేస్తాలేదా?"

"చేస్తాంది. అత్తా, అక్క ఈ మధ్య అంగడికొచ్చిందా?"

"రాలా. ఆ మాటే నేనూ అనుకుంటాండా. మొన్న ఆటో దిగె. ఒక్కటే వచ్చింది, ఎవురూ తోడు లేరు. ఒక చేత్తో కడుపు, ఒక చేత్తో గోడ పట్టుకొని మెల్లగా లోపలికి పోతాంటే, యాడికి పోయింటివి ప్రసన్నా అంటి. ఆస్పత్రికి అనింది."

"ఆస్పత్రికా?"

"ఆ. ఏమన్నా విశేషమా అని గూడా అడిగితి. తలూపింది."

"ఎట్ల ఊపింది అత్తా? అవునని ఊపిందా, కాదని ఊపిందా?"

"అది చూడలేదు తల్లీ. అంతలోకే బేరమొచ్చె. ఏమయింది షాలినీ? నాకు చెప్పు."

"నాకూ తెలీదత్తా. నేను బిడ్డను తీసుకొని ఇప్పుడే బస్సుకు పోతాండా. వచ్చేకి పొద్దుగూకతాది. నువ్వు అంగడి కాసేపు ఎవురికన్నా అప్పజెప్పి, ఒకసారి అక్కను చూసి రా."

"పోతా. పోయి ఏమడగాల?"

"విశేషమా అని అడగొద్దు. ఏమయిందని గూడా అడగొద్దు. బాగుండావా అని అడుగు అత్తా. అడిగి, అక్క జవాబు చెప్పేదాకా ఆడనే కూర్చో."